కంకులపల్లి ఒర్రె ఒడ్డున ఆలకమ్మ

శ్రీ ఆలకమ్మ తల్లి వెలసిన స్థలం కంకులపల్లికి తూర్పు పొలిమేరలో, ఒర్రెకు, అంటే చిన్న వాగుకు, అవతలి గట్టున ఉంది. బస్సు దిగిన చోటు నుంచి చేల మధ్యగా నడిచి, ఒర్రె మీది చప్టా దాటితే మోదుగు చెట్ల నీడలో తల్లి కనబడుతుంది. కొత్తగా వచ్చే యాత్రికులు గోపురం కోసం చూసి, ధ్వజస్తంభం కోసం చూసి, దారి తప్పామనుకొని వెనుదిరిగిన సందర్భాలు ఉన్నాయి. ఇక్కడ గుడి లేదు. గోడలు లేవు, కప్పు లేదు. మోకాలెత్తు నల్లరాయి ఒకటి దక్షిణముఖంగా నిలిచి ఉంటుంది. రాతికి కన్నులు లేవు, నోరు లేదు. కుడివైపున మాత్రం చెవి వంటి గుంట ఒకటి ఉంది. ఆ గుంట ఊరి వైపుకు తిరిగి ఉంటుంది.

ముఖం ఊరి వైపు గాక పక్కకు తిరిగి ఉండటం చూసి, దారిన పోయేవారు ఈ తల్లిని అలకమ్మ అంటారు. పుట్టింటి మీద అలిగి కూర్చున్న ఆడపడుచు అని వారి ఊహ. రోడ్డు మీద నాటిన బోర్డుపైన కూడా చాలాకాలం అలకమ్మ అనే ఉండేది. దీర్ఘం ఎవరో తరువాత పెట్టారు. ఆ దీర్ఘం కోసం ఊరు ఎంత ఏడ్చిందో తెలియక అలకమ్మ అనేవారిని తప్పుపట్టలేము. తెలిసిన తరువాత కూడా అలా అనడం మాత్రం తప్పే.

పూర్వం ఇక్కడ ఊరు ఇప్పుడున్న మెరక మీద ఉండేది కాదు. ఒర్రె పక్కన పల్లంలో ఉండేది. ఒక వానాకాలం ఒర్రె పొంగి ఇళ్ళన్నీ కూలాయి. ఊరి నడుమ ఉన్న బొడ్రాయి ఒండ్రులో కూరుకుపోయి మళ్ళీ దొరకలేదు. బొడ్రాయి అంటే ఊరికి బొడ్డు వంటిది. అది లేని ఊరు ఊరుగా నిలవదని పెద్దల నమ్మకం. జనం మెరక మీదికి చేరి, ఒకరి ఇంటికి ఒకరు మట్టి తొక్కి, ఒకరి కప్పుకు ఒకరు గడ్డి మోసి, మెల్లమెల్లగా గూడు కట్టుకున్నారు. అందరి నెత్తిన కప్పు పడ్డాక, వైశాఖంలో ఒకరోజు కొత్త బొడ్రాయిని నిలపాలని తీర్మానించారు. ఆ పనికి ముందు నిలిచినవాడు ఓదెలు.

ఓదెలు పని తెలిసినవాడు, మాట మీద నిలబడేవాడు. పుట్టిన కొద్ది నెలలకే తల్లి పోతే అక్క గౌరవ్వ అతణ్ణి పెంచింది. అప్పటికి ఆమె కూడా పరికిణీ కట్టే పిల్లే. తమ్ముణ్ణి చంకన వేసుకొనే నీళ్ళు తెచ్చింది, కలుపు తీసింది. ఓదెలుకు అమ్మవారు పోసినప్పుడు వేపమండలు పట్టుకొని వాడి పక్కనే పడుకుంది. వాడు లేచాడు, ఆమె పడింది. బతికి బయటపడింది గాని మునుపటి మనిషి కాలేదు. తరువాత ఆమెను ఒర్రెకు అవతల, అడవికి ఆనుకొని ఉన్న పల్లెకు ఇచ్చారు. పిల్లలు కలగలేదు. భర్త కూడా పోయాడు. ఒంటరిగా ఉంటూనే ఏటా తమ్ముడి ఇంటికి ఇప్పపువ్వు ఎండబెట్టి పంపేది.

బొడ్రాయి పండుగకు ఊరి ఆడపడుచులందరినీ పిలవాలి. ఒక్కరు తక్కువైనా పండుగ నిండదు. పిలవడమంటే పుట్టింటివారు ఎదురుగా వెళ్ళి నుదుట బొట్టు పెట్టి పిలవడం. వచ్చిన ఆడపడుచుకు కాళ్ళు కడిగి, చీర పెట్టి, ఒడిలో బియ్యం పోసి పంపడం. దీన్నే ఒడిబియ్యం అంటారు. ఓదెలు ఎండను లెక్కచేయకుండా ఊరూరూ తిరిగి బొట్టు పెట్టి వచ్చాడు. తన ఇంటివారినే గాక, తండ్రులు లేని ఇళ్ళ ఆడపడుచులను కూడా తానే పిలిచాడు. అక్క పల్లెకు మాత్రం అటుగా పోతున్న ఉప్పు బండ్లవాళ్ళతో కబురు పంపి ఊరుకున్నాడు.

అతని భార్య లింగవ్వకు ఇది నచ్చలేదు.

“ఊరందరింటికి నువ్వే పోయి బొట్టు వెడితివి. అక్కింటికి పోకుంటె ఎట్లయ్యా?” అంది.

“అక్కకు బొట్టు వెట్టి పిలుసుడేందే? పిలుపులు పరాయోల్లకు గద. మనామె, కబురందితె ఆగుతదా?”

“మనోల్లయితె మర్యాద ఉండొద్దా?”

“ఆమె నన్ను చంకనేసుకొని పెంచింది. ఆమె సంగతి నీకంటె నాకు తెల్వదా? నడువు, అటుకులు దంచినోల్లకు మజ్జిగ పొయ్యి పో.”

లింగవ్వ మజ్జిగ కుండ తీసుకొని వెళ్ళిపోయింది. ఓదెలు మాటలో ప్రేమ లేదని అనలేము. కానీ మనవారు గదా అని ఎవరిని వెనక్కి నెడతామో, వారినే మనం అందరికంటే ముందు పోగొట్టుకుంటాము. ఓదెలుకు అది తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

పండుగనాడు తెల్లవారకముందే డప్పులు మోగాయి. వాకిళ్ళన్నీ అలికి ముగ్గులు పెట్టారు. ఎద్దుబండ్లు ఒకదాని వెనుక ఒకటి దిగాయి. కొన్నేళ్ళుగా ఒకరి ముఖం ఒకరు చూడని అక్కాచెల్లెళ్ళు నడివీధిలో కావిలించుకొని ఏడ్చారు. పంచుకున్న గట్టు దగ్గర తగువుపడి మాటలు మానుకున్న అన్నదమ్ములు పక్కపక్కన నిలిచి చెరో పలుగుతో బొడ్రాయికి గుంత తవ్వడం మొదలుపెట్టారు. కుమ్మరులు కుండలు తెచ్చారు, చాకలివారు చాందినీలు కట్టారు, ముసలివాళ్ళు విస్తర్లు కుట్టారు. ఓదెలు అందరి మధ్యా తిరుగుతూనే ఉన్నాడు. ఎవరు ఎదురైనా “అన్నా, నువ్వుంటివి గనుక అయింది” అన్నారు. ఆ మాట విన్నకొద్దీ అతనికి ఆకలి దప్పులు తెలియలేదు. మధ్యమధ్య తూర్పు దారి వైపు చూశాడు. అక్క ఇంకా రాలేదు.

సూర్యుడు బారెడెక్కాక క్రతువు మొదలైంది. బొడ్రాయి నిలిపేముందు పసుపు కలిపిన అన్నాన్ని ఊరి పొలిమేర చుట్టూ చల్లుతారు. దాన్ని పొలి అంటారు. పొలి పడిన తరువాత రాయి నిలిచి దీపం వెలిగేదాకా ఊరికి కట్టు. లోపలివారు బయటికి పోరాదు, బయటివారు లోపలికి రారాదు. క్రతువు జరిపే బైండ్ల పెద్ద జనం వైపు తిరిగి గట్టిగా చెప్పాడు.

“ఇనుండ్రి. పొలి పడ్డంక గీత అవతల నుంచి ఎవలు పిలిచినా పలుకొద్దు. చెయ్యూపొద్దు. కన్నతల్లి పిలిచినా పలుకొద్దు. పలికినోని ఎంబడి కీడు ఊర్లకొస్తది.”

డప్పులు ముందు నడిచాయి. బైండ్ల పెద్ద వెనుక, పొలి గంప ఎత్తుకొని, ఓదెలు నడిచాడు. చల్లే చెయ్యి అతనిదే. దక్షిణం చుట్టి వారు తూర్పుకు వచ్చారు. ఓదెలు పిడికెడు అన్నం తీసి ఒర్రె గట్టున చల్లాడు. అది నేల మీద పడీ పడకముందే అవతలి గట్టు నుంచి పిలుపు వినిపించింది.

“తమ్మీ! ఓ ఓదెలూ! నేనొచ్చిన్రా!”

ఓదెలు కాళ్ళు ఆగిపోయాయి. అవతల మోదుగు చెట్ల కింద గౌరవ్వ, చేతికర్ర మీద ఆనుకొని నిలబడి ఉంది. నడిచి వచ్చినట్టుంది. ముఖమంతా చెమట. ఆమెకూ అతనికీ నడుమ మోకాలిలోతు నీళ్ళు, పిడికెడు పచ్చటి అన్నం, అంతే ఉన్నాయి. డప్పులవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. బైండ్ల పెద్ద ఓదెలు ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

ఓదెలు పలకలేదు. చెయ్యి ఊపలేదు. తల వంచుకొని మరో పిడికెడు తీసి, ముందుకు నడిచాడు.

ఇందుకు అతణ్ణి తప్పుపట్టవలసిన పని లేదు. ఊరు అతని చేతిలో పెట్టిన కట్టును అతడు తెంపలేదు. గౌరవ్వ కూడా ఆ ఊరి బిడ్డే. అన్నం మెతుకులు చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, మరి పిలవకుండా, చెట్టు మొదట్లో కూర్చుంది. ఓదెలు తప్పు ఇక్కడ లేదు. అది తరువాత జరిగింది.

మలుపు దగ్గర అతడు ఒక్కసారి కంటి చివరి నుంచి చూశాడు. గౌరవ్వ ఊరి వైపు చూడటం లేదు. ముఖం పక్కకు తిప్పి, దక్షిణానికి చూస్తూ కూర్చొని ఉంది. అక్క అలిగింది, అనుకున్నాడు. బొట్టు పెట్టి పిలవనందుకు అలిగింది. పిలిచినా పలకనందుకు ఇంకా అలిగింది.

ఆడపడుచు అలక పుట్టింటికి కొత్త కాదు. అలగడం ఆమె హక్కు, తీర్చడం తమ్ముడి వంతు. అందులో వేడుక కూడా ఉంది. ఓదెలు అడుగు అడుగుకూ ఆ అలక తీర్చే ఉపాయమే ఆలోచించాడు. పొలి ముగిసేసరికి అతని మనసు కుదుటపడింది. డప్పులు పెట్టించి, పట్టుచీర పళ్ళెంలో పెట్టించి, ఊరందరినీ వెంటేసుకొని పోయి, అక్కను ఊరేగింపుగా తేవాలని నిశ్చయించుకున్నాడు. ఇంత మర్యాద ఏ ఆడపడుచుకూ జరగలేదనిపించాలి.

రాయి దించారు. పలుగు పట్టిన అన్నదమ్ములే రాతిని పట్టారు. దీపం వెలిగింది, జనం కేకలు వేశారు, కట్టు తీరింది. ఇంకా మధ్యాహ్నం ఎండ దిగలేదు. లింగవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది.

“కట్టు తీరింది గదయ్యా. అక్కను తోలుకరా పో.”

“గిప్పుడే పోతె ఇంకింత బిగుసుకుంటది. జెరసేపు కానీ, అలక సల్లారనీ. డప్పులోల్లు తింటున్నరు, తిన్నంక బాజాతోని పోదాం.”

“బాజా ఎందుకయ్యా, నేను పోయి తోలుకొస్త.”

“నువ్వు పోతె మరదలు ఒచ్చిందంటరు. తమ్ముడు పోవాలె. నీ తొందర పాడుగాను, గా బంతిల కూసున్నోల్లకు పప్పు అందలే, సూడు!”

లింగవ్వ పప్పు గంటె పట్టుకొని బంతిలోకి నడిచింది. చెప్పినా వినిపించుకోని భర్త ముందు ఆనాటి ఆడది అంతకంటే చెయ్యగలిగింది లేదు. ఆ తరువాత బతికినన్నాళ్ళూ లింగవ్వ పప్పు వడ్డించలేదని చెబుతారు.

వరుస వెనుక వరుస కూర్చుంది. ఓదెలు ప్రతి విస్తరి ముందూ వంగి అడిగాడు. నవ్వాడు, నవ్వించాడు. గౌరవ్వ చిన్ననాటి జతగత్తె మైసవ్వ, బంతిలో నుంచే కేక వేసింది.

“ఓదెలూ! మీ అక్క ఒర్రె కాడ మొగం తిప్పుకొని కూసున్నదట గద! ఒక్క చీరెకు దిగదు సూడు, నాకు తెలుసు దాని మొండితనం!”

“రెండు వెడ్తనక్కా! అయినా దిగకుంటె?”

“దిగకుంటె నువ్వే ఎత్తుకరావాలె!”

“ఎత్తుకొస్త. నన్నెన్నేండ్లు మోసిందో, గిప్పుడు నేను మోస్త!”

బంతి మొత్తం ఘొల్లున నవ్వింది. ఆ నవ్వు ఒర్రె దాకా వినిపించి ఉంటుంది.

పొద్దు వాలుతుండగా ఓదెలు బయలుదేరాడు. డప్పులు, సన్నాయి, పసుపు కుంకుమలు, చీర, ఒడిబియ్యం నింపిన గంప. మైసవ్వ, ఆమె ఈడు ఆడపడుచులు అలక పాటలు పాడుతూ నడిచారు. ఒర్రె గట్టు మీదికి రాగానే గౌరవ్వ కనబడింది. ఉదయం కూర్చున్నట్టే కూర్చుంది. ముఖం దక్షిణానికే ఉంది. డప్పుల మోతకు కూడా తిరిగి చూడలేదు.

“అగో సూడుండ్రి, కదులుతదా!” అని మైసవ్వ నవ్వింది.

ఓదెలు నీళ్ళలో దిగి చేతులు జోడించాడు. “అక్కా! తప్పయింది! చెవులు పట్టుకుంట, దిగిరా తల్లీ!” అంటూ గుంజీలు తీయబోయాడు. ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

అప్పుడు చెట్టు చాటు నుంచి ఒక గొర్రెల కాపరి బయటికి వచ్చాడు. అతడు కురుమ బీరయ్య. ఒర్రెకు అవతల గొర్రెలు మేపుకొనే ముసలివాడు. రెండు చేతులూ పైకెత్తి, “డప్పులు ఆపుండ్రి” అన్నాడు.

ఎవరికీ వినబడలేదు. అతడు నీళ్ళలోకి వచ్చి డప్పు మీద చెయ్యి పెట్టాడు.

“ఆపుండ్రి నాయనా. ఇనేటామె పోయింది.”

ఓదెలు అవతలి గట్టుకు ఎలా ఎక్కాడో అతనికి గుర్తు లేదు. అక్క భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఒళ్ళు చెట్టుకు ఆనుకొని ఉంది. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. పాదాలు వాచి ఉన్నాయి. చెంపలు లోపలికి పోయి, ఎన్ని నెలల జబ్బో ముఖం మీద తెలుస్తోంది. ఆ జబ్బు సంగతి పుట్టింట్లో ఎవరికీ తెలియదు. బొట్టు పెట్టడానికి తమ్ముడు వెళ్ళి ఉంటే తెలిసేది.

“ఎప్పుడు?” అన్నాడు ఓదెలు.

“మీ కడపటి బంతి తింటున్నప్పుడు,” అన్నాడు బీరయ్య. “అందరు ఒక్కసారి నవ్విండ్రు సూడు, గప్పుడు తను గుడ నవ్వింది. అటెనుక పలుకలే.”

బీరయ్య చెప్పిన మాటలు ఈ ఊరిలో ఇప్పటికీ పెద్దలు పిల్లలకు అక్షరం పోకుండా చెబుతారు. గౌరవ్వ ఆ రోజంతా ఊరిని విన్నది. డప్పు దరువు మారినప్పుడల్లా, ఇప్పుడు గుంత తవ్వుతున్నారు, ఇప్పుడు రాయి దించుతున్నారు అని అతనికి చెప్పింది. గొంతులు గుర్తుపట్టింది. “గది మైసి నవ్వు, ముసల్ది అయినా మారలే” అంది. పలుగు దెబ్బలు జంటగా వినబడితే, “అన్నదమ్ములు కలిసిండ్రు” అని కళ్ళు తుడుచుకుంది. బీరయ్య తన నీళ్ళు తాగించాడు, రొట్టె పెట్టాడు. ఆమె నీళ్ళు తాగింది గాని రొట్టె తినలేదు. “పుట్టింటి బంతిల తింట” అంది. ఆమె ఆయాసం చూసి అతడు గట్టెక్కి కేక వేస్తానంటే వారించింది.

“ఒద్దు బీరన్నా. వాడు పలికితె ఊరికి కీడు. పిలిస్తె పలుకలే సూసినవా? గంత గట్టోన్ని పెంచిన నేను.”

“కట్టు తీరినంక గుడ పిలుస్తనన్న,” అన్నాడు బీరయ్య. “‘ఇప్పుడు బంతులు కూసోవెడుతుండు, పని మీదున్నోన్ని గుంజొద్దు, అయినంక ఒస్తడు’ అన్నది. ‘నా ఊరంత ఒక్కతాన నవ్వంగ ఇన్న. చూడకుంటె ఏమాయె. ఈ దినం చూపిచ్చినోల్లందరి కడుపులు సల్లగుండ’ అన్నది.”

ఓదెలు అక్క ముఖం తిరిగి ఉన్న దక్షిణం వైపు చూశాడు.

“మరి మొగం తిప్పుకొని కూసున్నది గద,” అన్నాడు. “అటు మొగం వెట్టింది గద. నేను అలిగిందనుకున్న.”

లింగవ్వ అప్పటికి నీళ్ళు దాటి వచ్చింది. ఆమె అరవలేదు. మెల్లగానే అంది.

“అక్కకు ఎడమ చెవు ఇనవడదు గదయ్యా.”

అమ్మవారు పోసినప్పుడు పోయిన చెవి అది. ఓదెలు పక్కన పడుకొని తెచ్చుకున్న జబ్బులో పోయిన చెవి. ఓదెలుకు మాటలు వచ్చినప్పటి నుంచి అక్కతో కుడివైపు నుంచే మాట్లాడాడు. ఎడమ వైపు నిలబడితే ఆమె ముఖం తిప్పి కుడి చెవి అందించేది. ఆ రోజు కూడా అదే చేసింది. ఊరికి కుడి చెవి అందించి, ముఖం దక్షిణానికి పెట్టింది. ఊరందరి అవసరాలూ గుర్తున్న మనిషికి అదొక్కటి గుర్తు రాలేదు.

ఓదెలు అక్కను చేతుల్లోకి తీసుకొని ఊరి వైపు రెండు అడుగులు వేశాడు. బైండ్ల పెద్ద నీళ్ళలో అడ్డం నిలబడ్డాడు. అతని కళ్ళలో కూడా నీళ్ళున్నాయి.

“పానం లేని ఒళ్ళు పొలిమేర దాటి లోపలికి రావొద్దు, బిడ్డా. ఇయ్యాల అసలే రావొద్దు.”

పొద్దున ఊరి నియమాన్ని పాటించినవాడు పొద్దుగూకేటప్పుడు తెంపడానికి లేదు. ఓదెలు వెనక్కి నడిచి, అక్కను మళ్ళీ చెట్టు కిందే, కూర్చున్నట్టే ఆనించాడు. గంప తెప్పించి ఒడిబియ్యం పోశాడు. ఒడి నిలవక బియ్యం జారిపోతుంటే లింగవ్వ రెండు చేతులా కొంగు పట్టి ఆపింది. తరువాత ఓదెలు ఆమె కుడివైపుకు జరిగి, చెవి దగ్గర నోరు పెట్టి, ఆ రోజు సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరెవరు వచ్చారో, ఎవరు ఏ పని పట్టారో, ఎవరి కడుపున బిడ్డ పుట్టిందో, ఆ బిడ్డ ఎవరి పోలికో చెప్పాడు. ఆమె విన్నది. చూడలేదు. చూడలేనిదంతా చెప్పాడు. అతని గొంతు పోయినప్పుడు మైసవ్వ అందుకుంది. ఆమె తరువాత అన్నదమ్ములు. ఊరు ఊరంతా ఒర్రె దాటి వచ్చి, ఒకరి తరువాత ఒకరు ఆ చెవిలో చెప్పి, ఆ గట్టునే ఆమెను సాగనంపారు.

ఆ తరువాత ఓదెలు అక్క కలలోకి రావాలని కోరుకున్నాడు. ఉపవాసాలున్నాడు, ఒర్రె ఒడ్డునే పడుకున్నాడు. ఆమె అతని కలలోకి రాలేదు. బతికినన్నాళ్ళూ రాలేదు. లింగవ్వ కలలోకి వచ్చింది. “తమ్మికి చెప్పు, నేను అలగలే, ఆలకించిన. నేను కూసున్న తాన రాయి వెట్టుండ్రి. గుడి కట్టకుండ్రి. గోడలుంటె ఊరు ఇనవడది” అని చెప్పింది. ఓదెలు ఒర్రెలో రాయి వెతికి, తానే మోసుకొచ్చి నిలిపాడు. చెవి గుంట మాత్రం అతడు చెక్కలేదు. రాయి దొరికినప్పుడే ఉందని కొందరు, చెప్పుకొనేవారి ఊపిరికి పడిందని కొందరు అంటారు. తెలియని సంగతిని తెలిసినట్టు రాయకూడదు. ఓదెలు ఆపైన ఏ వేడుకకూ ముందు నిలవలేదు. ఊరిలో డప్పు మోగితే వచ్చి ఈ రాతి పక్కన కూర్చొని వినేవాడు.

ఆనాటి నుంచి ఆచారం ఇది. కంకులపల్లిలో పెళ్ళి జరిగినా, పురుడు కడిగినా, ఇల్లు చేరినా, పండుగ అయినా, పొద్దు గూకకముందే ఆ ఇంటి యజమాని స్వయంగా ఒర్రె దాటి రావాలి. ఇంకొకరితో కబురు పంపితే చెల్లదు. రాతికి కుడివైపున మోకాళ్ళ మీద కూర్చొని, పొద్దున మొదలు జరిగినదంతా తల్లి చెవిలో చెప్పాలి. ఎవరు వచ్చారు, ఎవరు నీళ్ళు మోశారు, ఎవరు పొయ్యి దగ్గర పొగలో నిలబడ్డారు, ఎవరి వల్ల ఆ దినం నిండింది, పేరు పేరునా చెప్పాలి. రాలేకపోయినవారి పేర్లు కూడా చెప్పాలి. కొబ్బరికాయ అక్కరలేదు, కానుక అక్కరలేదు, మేళం ఇక్కడికి తేరాదు. ఇలా చెప్పుకొన్న ఇళ్ళలో తోబుట్టువుల మధ్య పొరపొచ్చాలు నిలవవని, ఆడపడుచుల కడుపు చల్లగా ఉంటుందని పెద్దల మాట. దూరప్రాంతాల యాత్రికులు కూడా తమ ఇంటి శుభకార్యం ముగిశాక వచ్చి చెప్పుకొంటున్నారు.

చెప్పడం తేలికని మొదట అందరూ అనుకుంటారు. వచ్చిన పెద్దల పేర్లు గబగబా వస్తాయి. పని చేసినవారి పేర్లు కొంచెం ఆలోచిస్తే వస్తాయి. ఆ తరువాత, ఇంట్లోనే ఉండి, పొద్దుటి నుంచి కళ్ళ ముందే తిరిగి, తాము ఒక్క మాటైనా పలకరించని మనిషి పేరు నోటికి వస్తుంది. భార్య కావచ్చు, తల్లి కావచ్చు, మూల గదిలో మంచం మీద ఉన్న మేనత్త కావచ్చు. అక్కడ చాలామంది ఆగిపోతారు. ఆగినవారు చటుక్కున లేచి, చప్టా కూడా చూడకుండా నీళ్ళలో పడి ఇంటికి పరుగెత్తడం ఇక్కడ తరచూ జరిగేదే. వారిని ఎవరూ వెనక్కి పిలవరాదు. చెప్పడం సగంలో ఆగినా తల్లికి అపచారం కాదు. వారు విడిచిపోయిన చెప్పులను బీరయ్య వంశంవారు చెట్టు మొదట్లో వరుసగా పెట్టి, మరునాడు ఎవరివి వారి ఇళ్ళకు చేరుస్తారు.